పక్క ఊరికి దూరపు దారి

జనగామలో ఒక తండ్రి ఉన్నాడు. కూతురు భూపాలపల్లిలో, సింగరేణి క్వార్టర్లలో ఉంటుంది. రాత్రి భోజనాలయ్యాక ఇద్దరూ వాట్సాప్‌లో వీడియో కాల్ మాట్లాడుకుంటారు. తండ్రి ఇంట్లో ఒక కంపెనీ ఫైబర్ కనెక్షన్, కూతురి ఇంట్లో ఇంకో కంపెనీది. వరంగల్ మీదుగా వెళ్తే రెండు ఊళ్ల మధ్య రోడ్డు దూరం 125 కిలోమీటర్ల చిల్లర. వాట్సాప్‌లో ఇద్దరే మాట్లాడుకునే కాల్ వీలైనంతవరకు ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు నేరుగా వెళ్తుంది, కుదరనప్పుడే మధ్యలో కంపెనీ సర్వర్ వస్తుంది. అలాంటప్పుడు తండ్రి మాట కూతురికి చేరడానికి 125 కిలోమీటర్లు ప్రయాణిస్తే చాలు కదా?

చాలదు. ఆ మాట ఎంత దూరం తిరుగుతుందన్నది, ఈ రెండు కంపెనీలూ ఒకరి ట్రాఫిక్‌ను ఒకరు ఏ ఊళ్లో అందుకోవడానికి ఒప్పుకున్నాయన్న దాన్నిబట్టి ఉంటుంది. వరంగల్‌లో కలిస్తే 125 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో కలిస్తే జనగామ నుంచి అక్కడికి 85, అక్కడినుంచి భూపాలపల్లికి 210, మొత్తం దాదాపు 295. ముంబయిలో కలిస్తే పోను 700, రాను 700 అదనం, అంటే 1,700 దాకా. ఇద్దరికీ మనదేశంలో ఎక్కడా పొత్తు కుదరక సింగపూర్‌లో కలవాల్సివస్తే, చెన్నై తీరం నుంచి సముద్రం అడుగున సుమారు 3,200 కిలోమీటర్లు వెళ్లి, మళ్లీ అంతే వెనక్కి రావాలి. అన్నీ కలిపితే 8,000 కిలోమీటర్లకు దగ్గర. ఇంత దగ్గర్లో ఉన్న బిడ్డను పలకరించడానికి ఇంత తిరుగుడు!

ఇలాంటి తిరుగుడును తగ్గించే ఏర్పాటు పేరు ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్. అక్కడ జరిగే ఇచ్చిపుచ్చుకోవడం పేరు పీరింగ్. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి మూడూ 2016 అక్టోబర్ 11న ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి విడివడిన జిల్లాలు. ఈ మూడింటిని పటంలా ముందు పెట్టుకుని ఆ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో, దానివల్ల ఎంత మేలో, ఎంతవరకే మేలో ఈ అధ్యాయంలో చూద్దాం.

కాంతికి కూడా సమయం పడుతుంది

శూన్యంలో కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఫైబర్‌లో ఉన్నది గాజు. ఆ గాజు వక్రీభవన గుణకం సుమారు 1.47. అందుకని దాంట్లో కాంతి వేగం సెకనుకు 2 లక్షల కిలోమీటర్లకు పడిపోతుంది. అంటే మిల్లీసెకనుకు 200 కిలోమీటర్లు. మనం అడగడమూ, జవాబు రావడమూ రెండూ కావాలి కాబట్టి, ప్రతి 100 కిలోమీటర్ల దూరానికి రానుపోను ఒక మిల్లీసెకను అని గుర్తు పెట్టుకుంటే లెక్క తేలిక.

ఈ లెక్కన పై కాల్‌కు వరంగల్‌లో కలిస్తే 1.25 మిల్లీసెకన్లు, హైదరాబాద్‌లో 3, ముంబయిలో 17, సింగపూర్‌లో 80. ఇవి కనీసాలు. ఫైబర్ రోడ్డంత తిన్నగా పోదు, మధ్యలో ప్రతి రౌటర్ దగ్గరా కాస్త ఆగుతుంది, లైను నిండిపోయి ఉంటే వరుసలో నిలబడుతుంది. కాబట్టి నిజంగా పట్టే సమయం వీటికన్నా ఎక్కువే ఉంటుంది. ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా ఈ కనీసం కంటే కిందికి మాత్రం దిగదు. వేగంగా పోలేనప్పుడు చేయగలిగింది ఒకటే, దారిని తగ్గించడం.

దారిని ఎవరు నిర్ణయిస్తారు?

ఇంటర్నెట్‌కు ఒక యజమాని లేడు. డెబ్బై వేలకు పైగా స్వతంత్ర నెట్‌వర్కులు కలిసి ఇంటర్నెట్ అయింది. జియో ఒకటి, బీఎస్ఎన్ఎల్ ఒకటి, గూగుల్ ఒకటి, ఊళ్లోని కేబుల్ ఆపరేటర్‌కు లైన్ ఇచ్చే చిన్న కంపెనీ ఒకటి. ప్రతిదానికీ ఒక నంబరు ఉంటుంది. ఫలానా చిరునామాలు నా దగ్గరున్నాయి, ఫలానావి నా ద్వారా చేరుకోవచ్చు అని ఈ నెట్‌వర్కులు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి బీజీపీ. 1989 జనవరిలో అమెరికాలో ఆస్టిన్ నగరంలో జరిగిన ఇంజినీర్ల సమావేశంలో, భోజనం బల్ల దగ్గర కర్క్ లోహీడ్, యాకొవ్ రెఖ్టర్ పేపర్ న్యాప్‌కిన్ల మీద దీని చిత్తుప్రతి రాసుకున్నారు. ఆ రాతే పెరిగి ఇవాళ మొత్తం ఇంటర్నెట్‌ను నడుపుతోంది.

బీజీపీకి కిలోమీటర్లు తెలియవు, మిల్లీసెకన్లూ తెలియవు. ఏ దారి ఎంచుకోవాలో దానికి చెప్పేది ఆ కంపెనీ ఇంజినీరు. ఇంజినీరు సాధారణంగా డబ్బును బట్టి చెప్తాడు. మనకు డబ్బు ఇచ్చే కస్టమర్ వైపు దారి ఉంటే మొదట అది. ఎవరూ ఎవరికీ డబ్బు ఇవ్వని దారి ఉంటే తర్వాత అది. మనం డబ్బు కట్టాల్సిన దారి ఆఖర్న. ఈ ఆఖరి దారినే ట్రాన్సిట్ అంటారు. పెద్ద కంపెనీకి నెలనెలా కిరాయి కడితే అది మన ట్రాఫిక్‌ను ప్రపంచంలో ఎక్కడికైనా చేరుస్తుంది. మధ్యలో ఉన్నది పీరింగ్. నా కస్టమర్ల ట్రాఫిక్ నువ్వు తీసుకో, నీ కస్టమర్ల ట్రాఫిక్ నేను తీసుకుంటాను, ఇద్దరం బిల్లు వేసుకోవద్దు అన్న ఒప్పందం. పీరింగ్‌లో దొరికేది అవతలి కంపెనీ, దాని కస్టమర్లు మాత్రమే. మిగతా ప్రపంచం కావాలంటే ట్రాన్సిట్ కొనాల్సిందే.

పీరింగ్ లేని చిన్న కంపెనీ జనగామలో తన కస్టమర్ ట్రాఫిక్ అంతా ట్రాన్సిట్ అమ్మే పెద్ద కంపెనీకి అప్పగిస్తుంది. ఆ పెద్ద కంపెనీ, భూపాలపల్లి కంపెనీకి ట్రాన్సిట్ అమ్మే ఇంకో పెద్ద కంపెనీ ముంబయిలో కలుసుకుంటున్నాయంటే, జనగామ మాట ముంబయి చూసి రావాల్సిందే. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఎవరి ఒప్పందం వాళ్లు పాటిస్తున్నారు.

ఎక్స్ఛేంజ్ గదిలో ఏముంటుంది?

డేటా సెంటర్‌లో చల్లని గది, అందులో ఇనుప ర్యాక్, ర్యాక్‌లో పెద్ద ఈథర్‌నెట్ స్విచ్. ఆఫీసుల్లో కంప్యూటర్లను కలిపే స్విచ్ జాతిదే ఇదీను, సామర్థ్యంలో మాత్రం ఎన్నో రెట్లు పెద్దది. సభ్యత్వం తీసుకున్న ప్రతి కంపెనీ తన రౌటర్ నుంచి ఒక ఫైబర్ తెచ్చి ఈ స్విచ్‌లో ఒక పోర్ట్‌కు తగిలిస్తుంది. నెలకో, ఏడాదికో పోర్ట్ అద్దె కడుతుంది. అంతే.

వరంగల్ ఏనుమాముల మార్కెట్ ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. యార్డు, కాంటా, నీడ మార్కెట్ కమిటీవి. మిర్చి కమిటీది కాదు, బేరం కమిటీది కాదు. ఎక్స్ఛేంజ్ కూడా అంతే. స్విచ్ దానిది, ఎవరు ఎవరితో పీరింగ్ చేసుకోవాలన్నది సభ్యుల ఇష్టం.

ఇదే పని ఎక్స్ఛేంజ్ లేకుండా చేయాలంటే ప్రతి కంపెనీ ప్రతి కంపెనీకీ విడిగా లైను వేసుకోవాలి. 20 కంపెనీలుంటే 190 లైన్లు కావాలి. ఎక్స్ఛేంజ్‌లో 20 చాలు. ఇక మిగతా 19 మందితో విడివిడిగా బీజీపీ కలుపుకోవడం కూడా తలనొప్పే. అందుకని రౌట్ సర్వర్ అనే కంప్యూటర్ ఒకటి పెడతారు. ప్రతి సభ్యుడూ తన చిరునామాల జాబితా దానికి ఒక్కదానికి చెప్తే, అది మిగతా అందరికీ చేరవేస్తుంది. ట్రాఫిక్ మాత్రం రౌట్ సర్వర్ గుండా పోదు, స్విచ్ మీదుగా నేరుగా ఒకరి నుంచి ఒకరికి పోతుంది. ఇద్దరు ఇంజినీర్లున్న చిన్న కంపెనీ కూడా మొదటిరోజే పదిమందితో పీరింగ్ మొదలుపెట్టగలగడానికి కారణం ఇదే.

1995 నుంచి నిక్సీ దాకా

మనదేశంలో ఇంటర్నెట్‌ను మామూలు జనానికి మొదట అమ్మింది వీఎస్ఎన్ఎల్, 1995 ఆగస్ట్ 15న. 1998 నవంబర్‌లో ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచారు. ఎన్నో కంపెనీలు వచ్చాయి. ఎవరికివాళ్లు విదేశీ లైన్ కొనుక్కున్నారు. ఒకరితో ఒకరు కలిసే చోటు మాత్రం లేదు. ఫలితంగా ఒకే నగరంలో ఒక కంపెనీ కస్టమర్ ఇంకో కంపెనీ కస్టమర్‌కు పంపిన మెయిల్ కూడా తరచుగా అమెరికానో సింగపూర్‌నో చూసి తిరిగొచ్చేది. రానుపోను రెండు వైపులా విదేశీ బ్యాండ్‌విడ్త్ ఖర్చు. అప్పట్లో దాని ధర ఆకాశంలో ఉండేది.

దీనికి మందుగా 2003 జూన్‌లో లాభాపేక్ష లేని సంస్థగా నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా పుట్టింది. అందరూ పిలిచేది నిక్సీ అని. మొదట ఢిల్లీ పక్కన నోయిడా, ముంబయి, చెన్నై, కోల్‌కతా. తర్వాత బెంగళూరు, హైదరాబాద్, అహ్మదాబాద్ లాంటి నగరాలు. దేశంలోని ట్రాఫిక్ దేశంలోనే ఉండాలన్నది దాని లక్ష్యం.

లక్ష్యం మంచిదే, నడక మాత్రం చాలాకాలం నత్తనడక. మొదట్లో ఇంటర్నెట్ కనెక్షన్ అమ్మే కంపెనీలకే ప్రవేశం. జనం ఎక్కువగా చూసే వీడియోలు, పేజీలు అందించే కంపెనీలకు చోటు లేదు. పైగా ఎక్స్ఛేంజ్‌లో ఎవరు ఎక్కువ ట్రాఫిక్ తీసుకుంటే వాళ్లు, పంపిన దానికీ తీసుకున్న దానికీ మధ్య తేడాకు డబ్బు కట్టాలన్న నియమం ఉండేది. ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చే చిన్న కంపెనీ ఎప్పుడూ తీసుకునేదే ఎక్కువ. కాబట్టి ఎక్కువ మేలు పొందాల్సినవాడికే ఎక్కువ బిల్లు. ఈలోగా ప్రైవేటు ఎక్స్ఛేంజ్‌లు వచ్చాయి. ఎక్స్‌ట్రీమ్ ఐఎక్స్, జర్మనీ మూలాలున్న డీఈ-సిక్స్ లాంటివి ఇప్పుడు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. సరైన చోట, సరైన నియమాలతో పెడితేనే ఎక్స్ఛేంజ్ నిండుతుందని ఆ అనుభవం నేర్పింది.

ఎక్స్ఛేంజ్ ఒక ప్రాంతాన్ని ఎంత మార్చగలదో కొలిచి చూపిన దేశం కెన్యా. 2000 సంవత్సరం చివర్లో నైరోబీలో ఎక్స్ఛేంజ్ తెరవగానే అక్కడి ప్రభుత్వ టెలికాం సంస్థ అభ్యంతరం చెప్పింది, నియంత్రణ సంస్థ దాన్ని మూయించింది. పోరాడి లైసెన్సు తెచ్చుకుని 2002 ఫిబ్రవరిలో మళ్లీ తెరిచారు. ఇంటర్నెట్ సొసైటీ 2012లో చేయించిన అధ్యయనం ప్రకారం, అంతకుముందు 200 నుంచి 600 మిల్లీసెకన్లు పట్టే స్థానిక ట్రాఫిక్‌కు ఇప్పుడు పట్టేది 2 నుంచి 10 మిల్లీసెకన్లు. విదేశీ బ్యాండ్‌విడ్త్‌లో ఏటా దాదాపు 15 లక్షల డాలర్లు మిగిలాయి. 2020 నాటికి దేశంలో వాడే ట్రాఫిక్‌లో లోపలే ఇచ్చిపుచ్చుకునే వాటా 30 శాతం నుంచి 70 శాతానికి పెరిగింది. కొత్త కేబుల్ ఏదీ వేయకముందే మిల్లీసెకన్లు తగ్గాయి, ఉన్న కేబుళ్లను దగ్గర్లో కలపడంతోనే.

మిల్లీసెకన్లు కూడితే

17 మిల్లీసెకన్లకూ 3 మిల్లీసెకన్లకూ తేడా మనిషికి తెలుస్తుందా? ఒక్కసారికి తెలియదు. అయితే ఒక పేజీ తెరుచుకోవడానికి రానుపోను ప్రయాణం ఒక్కటి చాలదు.

పది మెగాబైట్లు కాదు, ఒక్క మెగాబైట్ బొమ్మ ఒకటి డౌన్‌లోడ్ అవుతోందనుకోండి. సర్వర్ చిరునామా కనుక్కోవడానికి ఒక ప్రయాణం. సర్వర్‌తో కనెక్షన్ కలుపుకోవడానికి ఒకటి. తాళం వేసిన కనెక్షన్‌గా మార్చుకోవడానికి కనీసం ఒకటి. ఆ తర్వాతే అసలు బొమ్మ. అదీ ఒక్కసారిగా రాదు. లైను ఎంత మోయగలదో సర్వర్‌కు ముందుగా తెలియదు కనుక మొదట 10 చిన్న ముక్కలు, అంటే ప్యాకెట్లు పంపి, అందాయన్న కబురు కోసం ఆగుతుంది. కబురు రాగానే 20, తర్వాత 40, 80, 160, 320. ఆరు విడతల్లో 630 ప్యాకెట్లు, సుమారు 920 కిలోబైట్లు. మెగాబైట్ పూర్తి కావాలంటే ఏడో విడత తప్పదు. మొత్తం పది ప్రయాణాలు.

ఒక్కో ప్రయాణానికి 3 మిల్లీసెకన్లయితే 30, 17 అయితే 170, 80 అయితే 800 మిల్లీసెకన్లు. ఆఖరిది దాదాపు సెకను. ఇవాళ్టి పేజీ ఏదీ ఒక్క సర్వర్ నుంచి రాదు. ప్రకటన ఒకచోటి నుంచి, అక్షరాల ఫాంట్ ఒకచోటి నుంచి, బొమ్మలు ఇంకోచోటి నుంచి. ప్రతి చోటికీ మళ్లీ మొదటి నుంచి పలకరింపు. కనెక్షన్ 100 ఎంబీపీఎస్ అని రాసుకున్నా ఇంట్లో పేజీ నెమ్మదిగా తెరుచుకోవడంలో ఈ ప్రయాణాల పాత్ర చాలా ఉంటుంది. ఇలాంటి పనిలో లైను వెడల్పు పెంచినా ఒరిగేది తక్కువ, దూరం తగ్గాలి.

ప్యాకెట్ పోయినప్పుడు దూరం ఇంకా ఎక్కువ నష్టం చేస్తుంది. పోయిందని తెలియడానికి ఒక ప్రయాణం, మళ్లీ పంపడానికి ఇంకొంత. 1997లో మాథ్యూ మాథిస్, ఆయన సహచరులు దీన్ని సూత్రంగా రాశారు. ప్యాకెట్ల నష్టం సమానంగా ఉంటే, దక్కే వేగం రానుపోను సమయానికి విలోమంగా ఉంటుంది. సమయం సగమైతే వేగం రెట్టింపు. ఇవాళ్టి కొత్త పద్ధతులు ఈ బిగువును కొంత సడలించాయి గానీ పూర్తిగా తీసేయలేదు.

ఆపరేటర్ బిల్లులో ఎక్స్ఛేంజ్

మహబూబాబాద్‌లోనో తొర్రూరులోనో నాలుగైదు వందల ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చిన చిన్న కంపెనీ వైపు నుంచి చూస్తే, పీరింగ్ ముందు డబ్బు సంగతి, తర్వాతే వేగం సంగతి.

ట్రాన్సిట్ బిల్లు చాలాచోట్ల ఇలా వేస్తారు. ప్రతి 5 నిమిషాలకోసారి లైన్ మీద ఎంత ట్రాఫిక్ ఉందో కొలుస్తారు. 30 రోజుల నెలలో 8,640 కొలతలు. వాటిని పెద్దదాని నుంచి చిన్నదాని వరకు పేర్చి, పై 5 శాతం, అంటే 432 కొలతలు కొట్టేస్తారు. ఆ తర్వాత మిగిలిన వాటిలో అన్నిటికన్నా పెద్దది బిల్లుకు ఆధారం. కొట్టేసిన కొలతలన్నీ కలిపితే 36 గంటలు, రోజుకు గంటా పన్నెండు నిమిషాలు. ఎప్పుడో ఒకరోజు క్రికెట్ మ్యాచ్‌కు ట్రాఫిక్ ఉబ్బితే బిల్లు కదలదు. రోజూ రాత్రి ఎనిమిది నుంచి పది దాకా అందరూ వీడియోలు చూస్తే మాత్రం, నెలంతా ఆ రాత్రి లెక్కనే కట్టాలి.

ఇప్పుడు ఆ రాత్రి ట్రాఫిక్‌లో పెద్ద భాగం యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, ఓటీటీలది. అవి ఎక్స్ఛేంజ్‌లో పీరింగ్ ద్వారా దొరికితే ట్రాన్సిట్ శిఖరం అంతమేరకు కిందికి దిగుతుంది. మిగిలిన డబ్బుతో ఆపరేటర్ అప్‌లింక్ పెంచుకోవచ్చు. రాత్రిపూట బఫరింగ్ చక్రం తిరగడం తగ్గేది ఎక్కువగా ఈ దారిన.

గూగుల్, నెట్‌ఫ్లిక్స్, మెటా లాంటి కంపెనీలు తమ ఖర్చుతో క్యాష్ సర్వర్లను ఇంటర్నెట్ కంపెనీల దగ్గరే పెడుతున్నాయి. జనం తరచుగా చూసే వీడియోల్లో చాలావాటికి పక్క నగరంలోనో, ఆ కంపెనీ దగ్గరో ఒక నకలు ఉంటుంది. కానీ క్యాష్ పెట్టాలంటే ఆ కంపెనీకి చాలినంత ట్రాఫిక్ ఉండాలి. ఐదువందల ఇళ్ల కంపెనీకి ఎవరూ క్యాష్ ఇవ్వరు. అలాంటి పది చిన్న కంపెనీలు ఒక ఎక్స్ఛేంజ్‌లో కలిస్తే, ఆ పదింటికీ కలిపి క్యాష్ పెట్టడం లాభసాటి అవుతుంది. చిన్నవాళ్లకు ఎక్స్ఛేంజ్ ఇచ్చే అసలు బలం ఇదే.

ఎక్స్ఛేంజ్ చేయలేనివి

ఎక్స్ఛేంజ్‌ను సర్వరోగ నివారిణి అనుకుంటే నిరాశ తప్పదు.

ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే ఓఎన్‌టీ పెట్టె మీద ఎర్ర లైటు మెరుస్తోందంటే సాధారణంగా ఫైబర్ ఎక్కడో తెగింది. రోడ్డు వెడల్పు చేస్తూ జేసీబీ కోసిన కేబుల్‌ను పీరింగ్ అతికించలేదు. వెనక గదిలో రెండు గోడల అవతల వైఫై అందకపోతే ఆ ఆలస్యం మొదటి పది మీటర్లలోనే ఉంది.

యూపీఐ డబ్బు పోకుండా తిరుగుతుంటే కారణం చాలాసార్లు బ్యాంకుల సర్వర్లు. ఫోన్ నుంచి యాప్‌కు, అక్కడినుంచి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐకి, అక్కడినుంచి రెండు బ్యాంకులకు కబురు వెళ్లి రావాలి. వీటిలో ఎక్కడ ఆగినా ఆగినట్టే. ఎక్స్ఛేంజ్ మెరుగుపరిచేది మొదటి అడుగును మాత్రమే.

మొబైల్ సంగతి ఇంకా వేరు. ఈ మూడు జిల్లాల్లో ఇంటర్నెట్‌ను ఫోన్ మీదే వాడేవాళ్లు ఎక్కువ. మొబైల్ నెట్‌వర్క్‌లో టవర్ నుంచి బయల్దేరిన డేటా ఒక సొరంగంలో కూర్చున్నట్టు కంపెనీ గేట్‌వే దాకా పోతుంది. అక్కడే ఇంటర్నెట్ మొదలవుతుంది. గేట్‌వే ఏ నగరంలో ఉంటే, మహాముత్తారం అడవి పక్క ఊరు అయినా, మరిపెడ అయినా, ముందు ఆ నగరానికి పోవాల్సిందే. దారిలో వరంగల్‌లో ఎంత మంచి ఎక్స్ఛేంజ్ ఉన్నా దానికి కనబడదు.

హైదరాబాదా, వరంగలా?

అయితే ఈ మూడు జిల్లాలకు మేలు చేసే ఎక్స్ఛేంజ్ ఎక్కడుండాలి?

పటం చూస్తే జవాబు వరంగల్ అనిపిస్తుంది. జనగామ పడమట, మహబూబాబాద్ ఆగ్నేయాన, భూపాలపల్లి ఈశాన్యాన. మూడింటికీ హనుమకొండ, వరంగల్ ఇంచుమించు 60, 70 కిలోమీటర్ల దూరం. కానీ లెక్క చూస్తే మాట మారుతుంది. ముంబయిలో కలిసేవాళ్లను హైదరాబాద్‌కు తెస్తే 14 మిల్లీసెకన్లు మిగులుతాయి. హైదరాబాద్ నుంచి వరంగల్‌కు తెస్తే మిగిలేది ఒకటిన్నర, రెండు. ఇప్పుడు హైదరాబాద్‌లోనే అమెజాన్ క్లౌడ్ ప్రాంతం ఉంది, 2022 నవంబర్‌లో మొదలైంది. అందరూ అడిగే వీడియోలు, పేజీల్లో చాలా భాగం హైదరాబాద్‌కు వచ్చేసింది. కాబట్టి వేగం ఒక్కటే కావాలంటే ముందు చేయాల్సింది, ఈ మూడు జిల్లాల్లో సేవలందించే ప్రతి కంపెనీ హైదరాబాద్‌లో పీరింగ్ చేసేలా చూడటం. ముంబయి, చెన్నై తిరుగుడు ముందు ఆగాలి.

వరంగల్ స్థాయిలో ఎక్స్ఛేంజ్ కావాలనడానికి కారణాలు వేరే ఉన్నాయి. ఒకటి రవాణా ఖర్చు. క్యాష్ వరంగల్‌లో ఉంటే రాత్రిపూట వీడియో ట్రాఫిక్ హైదరాబాద్ లైను ఎక్కదు. ఆ లైను కిరాయి చిన్న ఆపరేటర్‌కు పెద్ద బరువు.

రెండోది తెగినప్పటి ధైర్యం. జనగామ హైదరాబాద్, కాజీపేట రైలు మార్గం మీద, జాతీయ రహదారి 163 మీద ఉంది. మహబూబాబాద్ కాజీపేట, విజయవాడ రైలు మార్గం మీద ఉంది. పట్టాల వెంబడి ఫైబర్ వేసే రైల్‌టెల్ లాంటి దారులు ఆ రెండింటికీ దగ్గర. భూపాలపల్లికి రైలు మార్గమే లేదు. బొగ్గు గనులు, చెల్పూరు దగ్గర 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉన్న ఊరికి ఫైబర్ ప్రధానంగా రోడ్ల వెంబడే రావాలి. హైదరాబాద్ వైపు లైను తెగిన రోజున వరంగల్‌లో ఎక్స్ఛేంజ్, దాని పక్కన పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ సర్వర్, కొన్ని స్థానిక సేవలు ఉంటే మూడు జిల్లాల మధ్య సంబంధం తెగదు. డీఎన్ఎస్ దగ్గర లేకుండా స్విచ్ ఒక్కటీ పెడితే మాత్రం, సర్వర్ పక్క వీధిలో ఉన్నా పేరు తెలియక ఫోన్ చేతులెత్తేస్తుంది.

మూడోది స్థానిక అవసరం. మహబూబాబాద్‌కు 2022లో, జనగామ, భూపాలపల్లికి 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. వాటి పెద్దన్న వరంగల్‌లోని కాకతీయ మెడికల్ కాలేజీ, ఎంజీఎం ఆసుపత్రి. ఒక్క సీటీ స్కాన్‌లో వందల బొమ్మలు ఉంటాయి, వందల మెగాబైట్లు అవుతుంది. మహబూబాబాద్‌లో తీసిన స్కాన్ వరంగల్ రేడియాలజిస్టుకు చేరాలంటే హైదరాబాద్ దాకా పోయి రావాల్సిన పని ఏముంది? ఎన్ఐటీ, కాకతీయ విశ్వవిద్యాలయం, ఎంజీఎం, మడికొండ ఐటీ కంపెనీలు, చుట్టుపక్కల కేబుల్ ఆపరేటర్లు సభ్యులుగా చేరితే ఆ ఎక్స్ఛేంజ్‌కు నిజమైన పని ఉంటుంది. వాళ్లు చేరకుండా గదికి రిబ్బన్ కత్తిరిస్తే, అందులో లైట్లు మాత్రం వెలుగుతాయి, ట్రాఫిక్ ఉండదు.

మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన గుంతల్లోనే టీ-ఫైబర్ డక్టులు వేశారు. భారత్‌నెట్ గ్రామ పంచాయతీల దాకా ఫైబర్ తెస్తోంది. తవ్వడం సగం పని. ఆ ఫైబర్ ఎక్కడ, ఎవరితో, ఏ షరతుల మీద కలుస్తుందన్నది మిగతా సగం. మొదటి సగానికి వేల కోట్లు కావాలి, రెండో సగానికి ఒక స్విచ్, కొన్ని సంతకాలు కావాలి. మనం మొదటిదాని గురించే మాట్లాడుకుంటూ రెండోదాన్ని మరిచిపోతున్నాం.

మీ లైను ఏ దారిన పోతోంది?

ఇది ఎవరికివాళ్లే చూసుకోవచ్చు. వాన్ జాకబ్‌సన్ 1980ల చివర్లో రాసిన ట్రేస్‌రూట్ అనే చిన్న ప్రోగ్రాం దాదాపు ప్రతి కంప్యూటర్‌లోనూ ఏదో ఒక రూపంలో దొరుకుతుంది. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ట్రేసర్ట్ (tracert) కమాండ్ కొట్టి, పక్కన సైటు పేరు రాస్తే వరుసలు కనబడతాయి. ప్రతి ప్యాకెట్ మీద ఒక అంకె ఉంటుంది, దాటిన ప్రతి రౌటర్ దాన్ని ఒకటి తగ్గిస్తుంది. సున్నా అయినచోట రౌటర్ ప్యాకెట్‌ను పారేసి కబురు పంపుతుంది. ఈ ప్రోగ్రాం కావాలనే ముందు 1, తర్వాత 2, 3 అని వేస్తూ ఒక్కో రౌటర్‌ను పలికిస్తుంది.

మొదటి వరుస మీ ఇంటి రౌటరే. అక్కడే 20, 30 మిల్లీసెకన్లు ఉంటే మీ జబ్బు వైఫైలో ఉంది. రెండు మూడు వరుసల తర్వాత ఒక్కసారిగా 15, 20 పెరిగి, ఆ తర్వాతి వరుసలన్నీ అదే ఎత్తున ఉంటే మీ ట్రాఫిక్ ఊరు దాటి ముంబయో చెన్నయో పోయిందన్నమాట. మధ్యలో ఒక్క వరుసే పెద్దదై తర్వాత మళ్లీ తగ్గితే కంగారు పడొద్దు, ఆ రౌటర్ జవాబివ్వడానికి బద్ధకించింది, అంతే.

హైదరాబాద్‌లోనే ఉన్న సర్వర్‌కు పోవడానికి మీ లైను ముంబయి తిరిగొస్తోందని తేలితే, మీ ఆపరేటర్‌ను రెండు ప్రశ్నలు అడగండి. హైదరాబాద్‌లో ఏ ఎక్స్ఛేంజ్‌లో మీకు పోర్ట్ ఉంది? రౌట్ సర్వర్‌తో కలిశారా? జవాబు లేదంటే, అడిగే కస్టమర్లు పదిమంది అయ్యేదాకా అడుగుతూనే ఉండండి. ప్లాన్ కొనేటప్పుడు ఎన్ని ఎంబీపీఎస్ అని అడగడం మనందరికీ అలవాటైంది. ఎక్కడ కలుస్తారు అని అడగడం కూడా అలవాటు కావాలి.